ఇరవై ఏడంగుళాల విల్లు

నలభై ఏళ్లు ప్రొద్దుటూరులో బట్టలు కుట్టాను. నా కొలత కురచైందని చెప్పడానికి ఒక్క మనిషి కూడా నా అంగడి మెట్టు మళ్లీ ఎక్కలేదు. కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడగండి. టేపు మెడలో వేసుకునేది అలంకారానికే. మనిషి గడప దాటేలోపే ఛాతీ ఎంత, నడుము ఎంత, పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నాడు అన్నది కూడా చెప్పేసేవాణ్ని. ఒకసారి వేముల పెద్దమనిషి ఒకాయన కదిలే బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపితే, ఆ చేతిని చూసి చొక్కా కుట్టి పంపించాను. సరిపోయింది.

సరిపోయిందంటే, ఆయనకూ ఆయన తమ్ముడికీ కలిపి సరిపోయింది.

దాచేదేముంది, చెప్పేస్తాను. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికినవాణ్ని. జూన్‌లో కుట్టిన గౌను మార్చికల్లా మోకాళ్లెక్కితే తల్లులు ఊరుకుంటారా? అందుకని ఎవరి పిల్లకైనా రెండంగుళాలు ఎక్కువ పెట్టి లోపలికి మడిచి కుట్టేవాణ్ని. ఆ అలవాటు పిల్లలతో ఆగలేదు. పెళ్లికొడుకులకూ పెట్టాను. రిటైరైన తాసిల్దారుకూ పెట్టాను. ఆయన అద్దంలో చూసుకుని, "ఏమప్పా, నేనింకా పెరుగుతానంటావా?" అని అడిగాడు. "ఎందుకు పెరగరు సార్?" అన్నాను.

ఊళ్లో నన్ను రెండంగుళాల మల్లికార్జున అంటారు. చాలా ఏళ్లు అది బిరుదనుకున్నాను.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది గౌన్ల సంగతి కాదు, విల్లు సంగతి.

మా మనవరాలు మేఘన. మా అబ్బాయి కూతురు, పదమూడేళ్లు. పులివెందులలో జువేరియా అనే అమ్మాయి పిల్లలకు బాణాలు వేయడం నేర్పుతుంది. ఆదివారం ఆదివారం పిల్లను బస్సెక్కించి తీసుకుపోవడం, అది బాణాలు వేస్తుంటే వేపచెట్టు కింద కునుకు తీయడం, మళ్లీ ఇంటికి తీసుకురావడం నా పని. విలువిద్యలో నాకున్న అనుభవం అంతా ఆ కునుకే.

ఆ ఏడు జిల్లా జట్టుకు ఎంపిక పోటీలు పెట్టారు. పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల్లో నలుగురినే తీసుకుంటారు. మేఘనకు అదే ఆఖరి అవకాశం. మరుసటి ఏడు పెద్దపిల్లల మధ్య నిలబడాలి. అంతవరకు అరువు విల్లుతో వేసిన పిల్లకు మా అబ్బాయి సొంత విల్లు తెప్పిస్తానన్నాడు. మన బొమ్మల్లో కనిపించే వెదురు విల్లు కాదు. రెండు కొసలకూ చక్రాలుండే విల్లు. దానికి అమ్మేవాళ్లకు ఒక కొలత రాసి పంపాలి. డ్రా లెంగ్త్ అంటారు. విల్లు నిండుగా లాగినప్పుడు తీగ ఎంత దూరం వెనక్కి వస్తుందో అది. చక్రాల విల్లులో తీగ సరిగ్గా ఆ కొలత దగ్గరే నిలబడుతుంది. దానికి ముందూ నిలబడదు, దాన్ని దాటీ రాదు.

"మిగతా పిల్లలకు నేనే కొలుస్తాండా తాతా," అంది జువేరియా. "మీకు నేను చెప్పాల్నా? చేతులు బారగా చాపిచ్చి, ఈ కొన నుంచి ఆ కొనకు కొలిచి, రెండున్నరతో భాగించండి. నలభై ఏండ్లు టేపు పట్టినోళ్లు. మిమ్మల్ని నమ్మకుంటే ఇంగెవుర్ని నమ్మాల?"

అలా నమ్మడమే ఆ పిల్ల చేసిన తప్పు.

ఇంటికొచ్చి మేఘనను గోడకానించి నిలబెట్టాను. చేతులు చాపించాను. టేపుకు అటు కొన మా ఆవిడ అన్నపూర్ణమ్మ పట్టుకుంది, ఇటు కొన నేను. సరిగ్గా అరవై అంగుళాలు. పిల్ల ఆటకు పరుగెత్తింది. రెండున్నరతో భాగించడం మా పల్లె బళ్లో చెప్పలేదు. అందుకని రెండింతలు చేసి ఐదుతో భాగించాను. ఇరవై నాలుగు వచ్చింది. రాద్దామని కలం ఎత్తాను. అక్కడ నా చెయ్యి నా మాట వినలేదు.

"ఊపిరి ఆడేదానికి ఒకటి," అన్నాను. ఇరవై ఐదయింది.

"ఏందీ?" అంది మా ఆవిడ.

"పెరిగే పిల్ల. ఇంగో రెండు." ఇరవై ఏడయింది.

"ఏమయ్యా, అది విల్లు. గౌను గాదు."

"ఆ మాత్రం తెలీదా నాకు? ఆర్నెల్లకే కురచైతే ఎవురిని అడగాల?"

"గౌనైతే లోపల మడిచి కుడతావు. విల్లును యాడ మడుస్తావు?"

జవాబు లేనప్పుడు మగవాడు సర్వీసు చెప్తాడు. "నలభై ఏండ్లు కొలిచినోన్ని నేను!"

"నలభై ఏండ్లు విప్పినదాన్ని నేను."

"ఏం విప్పినావు?"

"నువ్వు పెట్టిన రెండంగుళాలు. నీ మొకం మీద చెప్పలేక జనం వెనక వాకిట్లోకి వచ్చేటోళ్లు. నేను విప్పి సరిచేసి ఇచ్చేదాన్ని. తాసిల్దారు ప్యాంటు రెండుసార్లు విప్పినా."

ముందు మెట్టు ఎవరూ మళ్లీ ఎందుకు ఎక్కలేదో నాకు ఆ రోజు తెలిసింది. అంత మాటన్నాక ఇరవై నాలుగు రాస్తే నా పరువేం కావాలి? ఇరవై ఏడే రాసి పంపించాను.

పోటీలకు నెల రోజులుందనగా విల్లు వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. జువేరియా అప్పుడు ఊళ్లో లేదు. పెద్దపిల్లల జట్టును తీసుకుని మూడు వారాల శిబిరానికి పోయింది. ఇంటి దగ్గరే సాధన చేయమని పిల్లలకు చెప్పింది. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో గడ్డిమోపులు పేర్చి, దాని మీద గురి కాగితం అంటించాను.

మేఘన విల్లు లాగింది. లాగింది, లాగుతూనే ఉంది. తీగ ముక్కు కొనకు తగిలి ఆగాలట. అది ముక్కు దాటి, చెంప దాటి, చెవి వెనక్కి పోయి అక్కడ ఆగింది. పిల్ల వెల్లకిలా పడబోయేదానిలా వెనక్కి వాలింది. విల్లు పట్టిన చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. బాణం వదిలితే తీగ ముంజేతి మీద ఫట్టుమని కొట్టింది. బాణం గడ్డిమోపును చూడను కూడా చూడకుండా గోడ దాటి పోయింది.

గోడ అవతల హజరాబీ ఇల్లు. ఆమె పరుపు ఎండలో వేసింది. క్షణంలో ఆమె గోడ మీద తల పెట్టింది.

"మల్లికార్జునన్నా! మీ ఇంట్లోనుంచి ఏందో వచ్చి నా పరుపులో దిగబడినాది!"

"బాణమమ్మా."

"బాణమా? మా పరుపు మీకేం ద్రోహం చేసినాది?"

ఆ వారంలో ఆమె పరుపుకు నాలుగు బాణాలు తగిలాయి. గురి కాగితానికి ఒకటి తగిలింది. అది కూడా గాలికి ఊడి గోడ మీదికి పోయినప్పుడు. హజరాబీ ఆఖరికి పరుపు లోపల వేసుకుని, వాకిట్లోకి వచ్చేటప్పుడు నెత్తిన పళ్లెం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను పిల్లనే తిట్టాను. చెయ్యి సరిగ్గా పెట్టమన్నాను, మనసు పెట్టమన్నాను. తప్పు యాడుందో నా కడుపుకు తెలుసు. నోటికి మాత్రం చెప్పలేదు.

విల్లును దుప్పట్లో చుట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడ మిక్సీలు, మోటార్లు బాగుచేసే జియావుల్లా నా పాత స్నేహితుడు. దుప్పటి విప్పగానే నాలుగు వైపులా చూశాడు.

"మామా, దీనికి ప్లగ్గు యాడుండాది?"

"ప్లగ్గు లేదప్పా, విల్లు. మూడంగుళాలు తగ్గియ్యాల."

కళ్లజోడు పెట్టుకుని చక్రం తిప్పి తిప్పి చూశాడు. "ఇదో, చక్రం మీద నంబర్లుండాయి. గీత ఇరవై ఏడు కాడ నిలిచినాది. ఈ రెండు స్క్రూలు వదులు చేసి ఇరవై నాలుగుకు తెస్తే అయిపాయె. రెండు నిమిషాల పని."

నా ప్రాణం లేచి వచ్చింది. "అయితే తిప్పు."

"నేను తిప్పను. ఆ తీగ బిగువు చూడు. ఎగిరొచ్చి తగిలితే నా మూతి జార్లో ఏసిన పచ్చడైతాది. తెలిసినోళ్లు తిప్పాల. పులివెందుల పాపకు ఫోన్ చెయ్."

"ఫోన్ చేసి ఏమని చెప్పల్ల?"

"కొలత తప్పు రాసినా అని చెప్పు."

నేను టీ తాగాను. ఇంకో టీ తాగాను. "ఇంగో దారి ల్యా?"

"ఉండాది మామా. పిల్లను మూడంగుళాలు పెంచు," అన్నాడు జియావుల్లా. అని నవ్వాడు.

అతను నవ్వింది నాకు వినపడలేదు. అన్నది మాత్రం బాగా వినపడింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో పిల్లను పెంచే కార్యక్రమం మొదలైంది. పొద్దున రాగి సంగటి, ఉలవచారు. మధ్యాహ్నం రాగి సంగటి, ఉలవచారు. సాయంత్రం ఏం కావాలో పిల్లనే చెప్పమంటే, రాగి సంగటి తప్ప ఏదైనా సరే అంది. నువ్వుల నూనె రాసి ఒక చెయ్యి నేను, ఇంకో చెయ్యి కిటికీ ఊచా పట్టుకుని లాగేవాళ్లం. దూలానికి తాడు కట్టి వేలాడమన్నాను. బడి నుంచి రాగానే గోడకానించి టేపు పెట్టేవాణ్ని. అరవై. మర్నాడు అరవై. వారమైనా అరవై.

"ఏమయ్యా, అది పిల్లనా పంచెనా, అట్ల పిండి గుంజుతాండావు?" అనేది అన్నపూర్ణమ్మ.

"చేతులు సాగాల."

"సాగేది చేతులు గాదు. నీ నాలుక సాగాల. 'నాది తప్పు' అని మూడు మాటలు బయటికి రావాల."

"అవి రెండే మాటలు."

"చూడు, అవి గూడా పొడుగు చేసినా నీ మాదిరి."

మేఘన మాత్రం నవ్వడం మానేసింది. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. ఒకరోజు చెయ్యి కడుక్కుంటుంటే చూశాను. ముంజేయి పొడవునా కమిలి, వంకాయ రంగుకు తిరిగింది. నేను చూశానని తెలిసి చొక్కా కిందికి లాక్కుంది.

"తాతా, నాకు రాదేమో," అంది. "అరువు విల్లుతో ఏదో గుడ్డిగా తగిలినాయి. నిజంగా నాకు రాదు. మేడం వచ్చినంక మానేస్తా అని చెప్తా."

ఆ క్షణంలో చెప్పివుండాలి. నోరు తెరిచాను. "ఉలవచారు ఇంగొంచెం పోసుకో అమ్మా" అన్న మాట వచ్చింది.

పోటీలు పదిరోజులున్నాయనగా శనివారం నాడు అన్నపూర్ణమ్మ ఉన్నట్టుండి గండి గుడికి పోవాలంది. "ఈ విల్లుకు దిష్టి తగిలినాది. కొత్త మోటార్‌సైకిలు కొంటే ఆంజనేయస్వామి కాడ పూజ చేపిస్తాం. విల్లుకు మాత్రం చేపియ్యద్దా?"

నాకు ఆ మాట చాలా నచ్చింది. తప్పు నాది కాదు, దిష్టిది అయితే అంతకంటే కావాల్సిందేముంది? విల్లును పట్టుచీరలో చుట్టి, అవ్వా మనవరాలూ బస్సెక్కారు. "నువ్వు రావద్దు. హజరాబీ పరుపుకు కాపలా ఉండు," అంది. సాయంత్రానికి విల్లుకు కుంకుమబొట్లు, నిమ్మకాయ, పూలదండతో తిరిగి వచ్చారు.

మర్నాడు పొద్దున మేఘన విల్లు లాగింది. తీగ వచ్చి ముక్కు కొన దగ్గర ఆగింది. పిల్ల నిటారుగా నిలబడింది. బాణం పోయి గురి కాగితం నడిమిలో దిగింది. రెండోది దాని పక్కనే దిగింది. గోడ మీద నుంచి హజరాబీ పళ్లెం తీసి చూసింది.

నేను ఎగిరి గంతేశాను. టేపు తెచ్చి కొలిచాను. అరవై. ఆశ్చర్యం! పిల్ల మూడంగుళాలు పెరిగితే టేపు అరవై ఎలా చూపిస్తుంది? ఆలోచించాను. టేపు పాతది, అది కూడా సాగివుంటుంది. పిల్లతో పాటు టేపూ పెరిగింది. ఇంత చిన్న విషయం లోకానికి తట్టదు.

టీ అంగట్లో చెప్పాను, బస్టాండులో చెప్పాను. సగం స్వామి దయ, సగం నా ఉలవచారు అన్నాను. ఇద్దరు ముగ్గురు వాళ్ల పిల్లల్ని తీసుకొచ్చి చేతులు లాగమని అడిగారు. లాగాను. ఒకడు ఏడ్చాడు.

పోటీల రోజు పులివెందులలో మైదానం నిండా పిల్లలు, తల్లిదండ్రులు. జువేరియా ఎదురొచ్చి మేఘన భుజం తట్టి వరుసలోకి పంపింది. నేను గొంతు సవరించుకున్నాను.

"చూసినావా అమ్మా? నెల రోజుల్లో మూడంగుళాలు పెంచినా పిల్లను. నూనె, ఉలవచారు, లాగుడు. రాసుకో, మిగతా పిల్లలకు పనికొస్తాది."

జువేరియా నన్నూ మా ఆవిడనూ మార్చి మార్చి చూసింది.

"పిల్ల పెరగలేదు తాతా. పదిరోజుల కిందట శనివారం నేను శిబిరం నుంచి దిగిన గంటకే అవ్వ పిల్లను బయట కూచోబెట్టి విల్లు తెచ్చినాది. రెండు స్క్రూలు తిప్పి ఇరవై నాలుగుకు పెట్టినా. రెండు నిమిషాల పని. మీరు సరిగ్గా ఇరవై నాలుగే రాస్తే, పంపినోళ్లు ఇరవై ఏడుకు బిగించినారంట గదా? అవ్వ చెప్పినాది. ఈ పోటీ కానీ తాతా, వాళ్లకు ఫోన్ చేసి కడిగేస్తా."

నేను అన్నపూర్ణమ్మ వైపు చూశాను. ఆమె ఆకాశంలో ఏదో కొంగను చూస్తోంది. నా పరువు కాపాడటానికి ఎవరో ముక్కూ మొకం తెలియని వాళ్ల మీదికి తప్పు నెట్టేసింది. గండి పూజ చేయించిందో లేదో ఇప్పటికీ చెప్పదు.

పోటీ మొదలైంది. మేఘన చాలా బాగా వేసింది. మధ్యలో మాత్రం రెండుమూడు సార్లు, తీగ ఎక్కడ కొడుతుందో అన్నట్టు ముంజేయి వెనక్కి లాక్కుంది. ఇరవై రోజుల దెబ్బలు ఆ చేతికి గుర్తున్నాయి. ఆ బాణాలు పక్కకు పోయాయి.

చివరికి పేర్లు చదివారు. నలుగురి పేర్లు. ఐదో పేరు మేఘనది. రెండే రెండు పాయింట్లు తక్కువ.

"పది రోజులకే ఇంత వేసినాది," అంది జువేరియా పళ్లు కొరుకుతూ. "నెలంతా సరైన విల్లు ఉండింటే మొదటి రెండిట్లో ఉండేది. ఆ పంపినోళ్లను ఇడవను." ఫోన్ తీసింది.

మేఘన విల్లును సంచిలో పెడుతూ, ఎవరికీ కాకుండా నేలకు చెప్తున్నట్టు, "వాళ్లనేం అనద్దు మేడం. నాకే రాదు," అంది.

అప్పుడు నేను ముందుకు నడిచాను. జువేరియా చేతిలో ఫోన్ పట్టుకున్నాను. మైదానం మధ్యలో, అందరూ వింటుండగా, "ఫోన్ చేయద్దమ్మా. ఆ కొలత రాసింది నేనే. తప్పు నాది. పిల్లది గాదు, వాళ్లది గాదు, నాది," అన్నాను. మేఘన పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. నలభై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి అన్నపూర్ణమ్మ నన్ను మెచ్చుకోలుగా చూసింది.

ఈ కథలో నేను కల్పించింది ఇదొక్కటే.

జరిగింది ఇది. జువేరియా ఫోన్ తీయగానే నాకు దాహం వేసింది. మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాను. మూడు గ్లాసులు తాగి, ఇంక తాగలేక, డ్రమ్ము వెనక నిలబడ్డాను. అన్నపూర్ణమ్మ కాసేపు నా వైపే చూసింది. నేను వస్తానని ఎదురుచూసిందనుకుంటాను. నేను గ్లాసు కడిగాను. అప్పుడు ఆమె జువేరియా చెయ్యి పట్టుకుని, "ఫోన్ లోపల పెట్టు తల్లీ. ఇరవై ఏడు రాసింది మా ఇంటాయనే. నేనే అబద్ధం చెప్పినా," అంది.

జువేరియా ముందు నోరెళ్లబెట్టింది, తర్వాత పడీపడీ నవ్వింది. మేఘన నవ్వలేదు. నన్ను కావలించుకోనూ లేదు. అవ్వ మొహంలోకి చూసి ఒక్క మాట అడిగింది. డ్రమ్ము వెనక్కి కూడా స్పష్టంగా వినపడింది.

"అంటే, నాకు రాక గాదా అవ్వా?"

"నీకు రాక గాదు నాయనా."

పిల్ల చొక్కా చేతులు రెండూ మోచేతుల దాకా మడుచుకుంది. మళ్లీ విల్లు సంచి విప్పింది. పోటీలు అయిపోయినా, గడ్డి బోర్డులు ఎత్తేసేదాకా ఒక్కతే నిలబడి బాణాలు వేస్తూనే ఉంది.

తప్పు నాది అన్న మాట నేను ఇంతవరకు దానితో అనలేదు. తిరుగు బస్సులో అందామనుకున్నాను. జనం ఎక్కువున్నారు. ఇంట్లో అందామనుకున్నాను. ఉలవచారు కావాలా అని అడిగాను, వద్దంది. అందుకే పైన ఆ ఒక్క పేరా కల్పించి రాశాను. మిగతాదంతా నిజం.